పంటల సర్వేలలో అసంపూర్ణ తేదీలు: గోదావరి డెల్టా అనుభవం దృష్ట్యా నమోదు, తనిఖీ, విశ్లేషణ పద్ధతులు

సారాంశం

పంటల సర్వేలలోను, రైతు క్షేత్ర ప్రయోగాలలోను సేకరించే దత్తాంశంలో విత్తిన తేదీ, నాటిన తేదీ, కోసిన తేదీ కీలకమైనవి. రైతులు తేదీని తరచుగా నెలగానో, కార్తెగానో, పండుగతో ముడిపెట్టియో చెబుతారు. కంప్యూటరు పట్టికలు మాత్రం రోజు, నెల, సంవత్సరం మూడింటినీ కోరుతాయి. ఈ రెండింటి మధ్య ఏర్పడే ఖాళీని ఊహించిన తేదీతో పూరించడం వలన పంటకాలం, పంట వయస్సు, నష్టం అంచనా తప్పుతాయి. తేదీని ఒక బిందువుగా కాక తొలి, మలి హద్దులు గల వ్యవధిగా నమోదు చేసే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

ఉపోద్ఘాతం

గౌతమీ తీరాన ఉన్న రావులపాలెం అరటి మార్కెట్టుకు పరిసర లంకల నుండి, మెరక భూముల నుండి గెలలు వస్తాయి. కర్పూర చక్కెరకేళి, తెల్ల చక్కెరకేళి, అమృతపాణి, బొంత వంటి రకాలలో ఏ గెల ఎప్పుడు కోతకు వస్తుందన్నది ప్రధానంగా నాటిన తేదీపై ఆధారపడుతుంది. ఎరువుల దఫాలు, పిలకల తొలగింపు, వెదురు గడల ఊతం అన్నీ నాటిన నాటి నుండి లెక్కించవలసినవే. వరిలోనూ అంతే. సార్వా నాట్లు ఆలస్యమైతే కోత తుపానుల కాలంలో పడుతుంది, దాళ్వా వెనుకకు జరుగుతుంది, చివరకు కాలువ కట్టే నాటికి చేను ఇంకా పాలుపోసుకునే దశలోనే ఉండవచ్చు.

కనుక తేదీ అనేది నమోదు పత్రంలో ఒక అలంకారం కాదు. మిగిలిన అంకెలకు అర్థం ఇచ్చేది అదే. అయినప్పటికీ సర్వే శిక్షణలో దిగుబడి, విస్తీర్ణం కొలతలకు ఇచ్చే శ్రద్ధలో కొంతైనా తేదీల నమోదుకు ఇవ్వడం అరుదు.

ఖాళీ గడికి అర్థాలు

పట్టికలో తేదీ గడి ఖాళీగా ఉన్నప్పుడు దానికి ఒకే అర్థం ఉండదు. కనీసం నాలుగు సందర్భాలను వేరు చేయవలసి ఉంటుంది.

1. తెలియదు: తోట నాటిన మాట నిజం, తేదీ ఎవరికీ గుర్తు లేదు.
2. ఇంకా జరగలేదు: పంట చేలో ఉంది, కోత రావలసి ఉంది.
3. ఇక జరగదు: వరదలోనో గాలివానలోనో పంట పోయింది, కోత తేదీ ఎన్నటికీ రాదు.
4. వర్తించదు: ఆ గడికి ఆ పంటలో అర్థమే లేదు.

నాలుగవ దానికి డెల్టాలో చక్కని ఉదాహరణలు ఉన్నాయి. అరటిలో పిలక పంటకు 'నాటిన తేదీ' లేదు; దానికి పిలకను ఉంచిన తేదీ కావాలి. డ్రమ్ సీడరుతో నేరుగా విత్తిన వరికి నాట్ల తేదీ లేదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం పాటించి పొలాలను బీడుగా వదిలారు. ఆ సంవత్సరపు నమోదులో ఆ కమతాల విత్తిన తేదీ ఖాళీగా ఉండటం సమాచార లోపం కాదు, అదే అసలు సమాచారం. దానిని 'తెలియదు'తో కలిపివేస్తే ఒక చారిత్రక నిర్ణయం దత్తాంశం నుండి తుడిచిపెట్టుకుపోతుంది. అందువలన ఖాళీ పక్కన దాని కారణాన్ని తెలిపే సంకేతం తప్పక ఉండవలెను.

సాఫ్ట్‌వేర్ల ప్రవర్తన

ఒకే అసంపూర్ణ తేదీని వేర్వేరు సాఫ్ట్‌వేర్లు వేర్వేరుగా స్వీకరిస్తాయి. ఎక్సెల్‌లో నెలను, సంవత్సరాన్ని మాత్రమే టైపు చేస్తే అది ఆ నెల మొదటి తేదీగా మారిపోతుంది. జూన్ 31 వంటి లేని తేదీని ఇస్తే ఎక్సెల్ దానిని అక్షరాలుగా ఉంచుతుంది. సగటు తీసేటప్పుడు చెప్పకుండా వదిలివేస్తుంది. కంప్యూటరు అమెరికా పద్ధతిలో ఉంటే సమస్య మరింత సూక్ష్మమవుతుంది. 7-12-2021 అని డిసెంబరు ఉద్దేశంతో ఇచ్చినది జులై 12 అవుతుంది. 25-7-2021 మాత్రం అక్షరాలుగా మిగులుతుంది. అనగా రోజు 12 లోపు ఉన్నవి తారుమారవుతాయి, 12 దాటినవి లెక్కలోకి రావు. రెండూ నిశ్శబ్దంగానే జరుగుతాయి.

ఖాళీ గడిని ఎక్సెల్ తీసివేతలో సున్నాగా భావిస్తుంది. నాటిన తేదీ ఖాళీగా ఉండి కోత తేదీ 2021 డిసెంబరు 1 అయితే పంటకాలం 44,531 రోజులుగా వస్తుంది. ఇంత పెద్ద అంకె కంటబడుతుంది కనుక ప్రమాదం తక్కువ. కంటబడని పొరపాట్లే అసలు ప్రమాదం.

మైఎస్‌క్యూఎల్ డేటాబేసు రోజు స్థానంలో సున్నాను అనుమతించగలదు. పుట్టిన రోజు పూర్తిగా తెలియని సందర్భాల కోసం ఈ సౌలభ్యం ఉంది. అయితే 5.7 వెర్షన్ నుండి సాధారణ అమరికలో అటువంటి తేదీలు నిరాకరించబడుతున్నాయి. కాబట్టి పాత ప్రయోగాల పట్టికలను కొత్త సర్వరుకు మార్చినప్పుడు దిగుమతి ఆగిపోవడం సహజం. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సున్నా రోజును అంగీకరించదు, కానీ 9.2 వెర్షన్ నుండి తేదీల వ్యవధినే ఒక ప్రత్యేక రకంగా భద్రపరచే వీలు కల్పించింది. మొబైల్ యాప్‌ల నుండి వచ్చే దత్తాంశంలో 1970 జనవరి 1 కనబడితే అది చాలా సందర్భాలలో సున్నా విలువకు మారురూపమే. ఆ తేదీ నుండే అనేక వ్యవస్థలు కాలాన్ని లెక్కిస్తాయి.

పూరించిన తేదీ వలన నష్టం

నెల మాత్రమే తెలిసినప్పుడు ఒకటవ తేదీ వేయడం విస్తృతంగా ఉన్న అలవాటు. 30 రోజుల నెలలో ఏ రోజైనా సమానంగా సంభవమే అనుకుంటే, ఈ అలవాటు వలన నాటిన తేదీ సగటున 14.5 రోజులు ముందుకు జరుగుతుంది. కోత తేదీ సరిగా ఉంటే పంటకాలం అంతమేర పెరుగుతుంది. స్వర్ణ (ఎంటీయూ 7029) పంటకాలం సుమారు 150 రోజులు, కాటన్‌దొర సన్నాలు (ఎంటీయూ 1010) పంటకాలం సుమారు 120 రోజులు. రెండింటి మధ్య ఉన్న 30 రోజుల తేడాలో దాదాపు సగాన్ని ఒక్క గుమాస్తా అలవాటు మింగివేయగలదు.

నెల మధ్య తేదీ వేస్తే సగటు దోషం దాదాపు పోతుంది. అయినా ఒక్కొక్క నమోదులో 15 రోజుల వరకు తేడా మిగులుతుంది. దాని ప్రామాణిక విచలనం సుమారు 8.7 రోజులు. విత్తిన, కోసిన తేదీలు రెండూ ఇలా పూరించినవైతే పంటకాలంలో ఈ విచలనం సుమారు 12 రోజులకు చేరుతుంది. మండల సగటుకు ఇది సరిపోవచ్చు, ఒక రైతు కమతంపై నిర్ణయానికి సరిపోదు.

2022 జులై గోదావరి వరదను తీసుకుందాము. కోనసీమ లంకలలో అరటి తోటలు నీట మునిగాయి. జులై 15 నాటికి తోట వయస్సు ఎంత అన్నది నష్టం అంచనాకు మూలం. నాటిన తేదీగా '2021 నవంబరు' అని మాత్రమే ఉన్నదనుకుందాము. అప్పుడు తోట వయస్సు 227 నుండి 256 రోజుల మధ్య ఉంటుంది. అనగా గెల వేసే దశ, లేదా దానికి అతి సమీపం. రోజు తెలియకపోయినా నిర్ణయానికి ఈ సమాచారం చాలును. '2021' అని మాత్రమే ఉంటే వయస్సు 196 నుండి 560 రోజుల వరకు ఎంతైనా కావచ్చు. ఈ నమోదుతో దశను చెప్పలేమని నిజాయితీగా అంగీకరించి మరల విచారించవలెను. ఆ గడిలో ఎవరైనా 1-1-2021 అని పూరించి ఉంటే తోట 560 రోజులది అవుతుంది, తొలి పంట కోసివేసినదిగా లెక్కలోకి వస్తుంది. గెలతో పడిపోయిన తోట కాగితం మీద కోసిన తోట అవుతుంది. రైతు నష్టం అబద్ధం కాకుండానే లెక్కలో మాయమవుతుంది.

రైతు చెప్పే కాలం

రైతు చెప్పే కాలగణన అస్పష్టమైనది కాదు; దాని హద్దులు వేరు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే కాలమే కార్తె కనుక అది 13 లేదా 14 రోజులు ఉంటుంది. మృగశిర కార్తె సుమారుగా జూన్ 8 నుండి 21 వరకు, ఆరుద్ర జులై 5 వరకు నడుస్తాయి. "మృగశిరలో నారు పోశాం" అన్న మాట "జూన్‌లో" అన్న మాట కంటే రెట్టింపు కచ్చితమైనది. దానిని 'జూన్' అని కుదించి రాసుకోవడం వలన చేతికి వచ్చిన సమాచారాన్ని మనమే పారవేసినట్లవుతుంది.

చాంద్రమాన నెలలతో మాత్రం జాగ్రత్త అవసరం. 2023లో అధిక శ్రావణం జులై 18న మొదలై, నిజ శ్రావణం సెప్టెంబరు 15తో ముగిసింది. ఏ శ్రావణమో అడగకపోతే వ్యవధి రెండు నెలలకు విస్తరిస్తుంది.

పాత అడంగళ్లలోని ఫసలీ సంవత్సరం మన ప్రాంతంలో జులై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. ఫసలీ 1431 అంటే 2021 జులై 1 నుండి 2022 జూన్ 30 వరకు. జూన్‌లో పోసిన సార్వా నారుమడి ఒక ఫసలీలో, జులైలో వేసిన దాని నాట్లు మరొక ఫసలీలో పడతాయన్నది గుర్తుంచుకోవలెను. ఫసలీ అంకెకు 590 కలిపి వచ్చిన సంవత్సరాన్నే తేదీగా వాడితే ఈ భేదం మరుగున పడుతుంది.

ప్రతిపాదిత నమోదు విధానం

ప్రతి తేదీకి ఒక గడి బదులు ఐదు గడులు కేటాయించవలెను: రైతు చెప్పిన మాట యథాతథంగా, తొలి హద్దు, మలి హద్దు, స్పష్టత స్థాయి, ఖాళీ అయితే దాని కారణం. పూర్తి తేదీ తెలిసినప్పుడు రెండు హద్దులూ ఒకటే అవుతాయి.

| చెప్పిన మాట | తొలి హద్దు | మలి హద్దు | స్పష్టత |
|---|---|---|---|
| 2021 నవంబరు 12 | 12-11-2021 | 12-11-2021 | రోజు |
| 2022 మృగశిరలో | 8-6-2022 | 21-6-2022 | కార్తె |
| 2021 నవంబరులో | 1-11-2021 | 30-11-2021 | నెల |
| 2023 శ్రావణంలో | 18-7-2023 | 15-9-2023 | అధిక, నిజ భేదం తెలియదు |
| ఫసలీ 1431 | 1-7-2021 | 30-6-2022 | సంవత్సరం |

చెప్పిన మాటను ఎన్నడూ చెరపరాదు. హద్దులు మన వ్యాఖ్యానం, మాట మాత్రం సాక్ష్యం. రేపు వ్యాఖ్యానం తప్పని తేలితే సాక్ష్యం ఆధారంగా సరిదిద్దుకోవచ్చు. కార్తెల హద్దులు ఒక రోజు అటు ఇటు జరుగుతాయి కనుక ఆయా సంవత్సరపు పంచాంగంతో సరిచూడవలెను. అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 8601లో 2019లో వెలువడిన రెండవ భాగం కూడా తెలియని రోజు స్థానంలో ఎక్స్ అక్షరాన్ని ఉంచేందుకు, సందేహాస్పద తేదీని ప్రశ్నార్థకంతో సూచించేందుకు వీలు కల్పిస్తున్నది. అనగా అసంపూర్ణ తేదీని ఉన్నది ఉన్నట్లుగా రాయడం ప్రమాణ సమ్మతమే.

నమోదు యాప్‌లో తేదీని తప్పనిసరి గడిగా పెట్టడం వలన సమాచారం మెరుగుపడదు. తేదీ తెలియని చోట సిబ్బంది ముందుకు కదలడానికి ఏదో ఒక తేదీ వేయక తప్పదు. 'తెలియదు' అన్న సమాధానాన్ని కూడా చెల్లుబాటుగా ఉంచి, ఆపై కాలువకు నీరు వదిలిన తరువాతా, సంక్రాంతికి ముందా, వరదకు ముందా అని అడిగితే హద్దులు వాటంతటవే దగ్గరపడతాయి.

చెల్లని తేదీల తనిఖీ

తనిఖీ నియమాలను రెండుగా విభజించడం మేలు. మొదటివి నిరాకరణ నియమాలు: క్యాలెండరులో లేని తేదీ, నమోదు చేసిన రోజు కంటే తరువాతి తేదీ, తొలి హద్దు కంటే ముందున్న మలి హద్దు, నాటిన తేదీ కంటే ముందున్న కోత తేదీ. వీటిని అక్కడికక్కడే ఆపవలెను.

రెండవవి హెచ్చరిక నియమాలు: సార్వా నమోదులో డిసెంబరు నాట్లు, 60 రోజులు దాటిన వరి నారు, ఐదు నెలలకే కోసిన అరటి గెల. ఇవి అరుదు, అసాధ్యం మాత్రం కాకపోవచ్చు. ముంపు తరువాత ముదురు నారు నాటుకోవలసి వచ్చిన రైతు ఉంటాడు. కనుక గుర్తు పెట్టి విచారించవలెనే గాని తొలగించరాదు.

మూడవ తనిఖీ మొత్తం పట్టికకు సంబంధించినది. తేదీలు నెల పొడవునా విస్తరించి ఉన్నప్పుడు ఏ ఒక్క రోజుకైనా సుమారు 3.3 శాతం నమోదులు రావలెను. ముహూర్తం, నీటి విడుదల వంటి కారణాలతో కొంత హెచ్చుతగ్గులు సహజం. కానీ ప్రతి నెలలోను 1, 15 తేదీల వద్ద కుప్పలు కనబడితే అవి పొలంలో పుట్టిన తేదీలు కావు, బల్ల మీద పుట్టినవి.

విశ్లేషణలో పాటించవలసిన విధానం

వ్యవధితో ఉన్న తేదీలపై ప్రశ్నలకు రెండు సమాధానాలు ఉంటాయి. జులై 15కు ముందు నాటిన తోటలెన్ని అన్నప్పుడు, మలి హద్దు జులై 15కు ముందున్నవి నిశ్చయంగా ముందువి. తొలి హద్దు మాత్రమే ముందున్నవి ముందువి అయి ఉండే అవకాశం గలవి. నివేదికలో రెండు సంఖ్యలనూ ఇవ్వవలెను.

సగటులు, సంబంధాలు లెక్కించేటప్పుడు విశ్లేషణను ఒకసారి తొలి హద్దులతో, మరొకసారి మలి హద్దులతో నడపడం సులభమైన పరీక్ష. రెండింటిలోను నిర్ణయం మారకపోతే తేదీల అసంపూర్ణత ఆ నిర్ణయానికి అడ్డు కాదు. మారితే వ్యవధిలో యాదృచ్ఛికంగా తేదీలను ఎంచి అనేక పర్యాయాలు విశ్లేషించే పద్ధతిని గాని, వ్యవధి దత్తాంశానికై 1976లో టర్న్‌బుల్ ప్రతిపాదించిన గణన పద్ధతిని గాని అనుసరించవచ్చు. అసంపూర్ణ తేదీలున్న నమోదులను ఊరకే తొలగించడం మాత్రం తగదు. లెక్కల పుస్తకం రాసుకోని కౌలుదారులు, చిన్న కమతాలవారు అలా తొలగిపోయి, మిగిలిన సగటు పెద్ద రైతుల సగటుగా మారే అవకాశం ఉంటుంది.

ముగింపు

నెల మాత్రమే తెలిసిన తేదీ లోపభూయిష్టమైన తేదీ కాదు. దానికి లేని రోజును అంటగట్టినప్పుడే అది లోపభూయిష్టమవుతుంది. రాబోయే సీజను సర్వే పత్రాలను రూపొందించే పరిశోధకులు, విస్తరణాధికారులు కనీసం మూడు పనులు చేపట్టవలసి ఉంది: తేదీకి రెండు హద్దులు, ఖాళీకి కారణ సంకేతం, రైతు మాటకు ఒక ప్రత్యేక గడి. వీటికి అదనంగా అయ్యే ఖర్చు స్వల్పం. పాత పట్టికలు ఉన్నవారు వాటిని సరిదిద్దే ముందు 1, 15 తేదీల లెక్క తీసి చూడటంతో ప్రారంభించవచ్చు.