క్లైమేట్ సైన్స్ చదువుతానంటే: అపోహలు – వాస్తవాలు

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే ఇళ్లలో ఇంజినీరింగ్ బ్రాంచి గురించి తప్ప మరో మాట వినపడదు. ఈమధ్య అక్కడక్కడ ఒక అమ్మాయో అబ్బాయో క్లైమేట్ సైన్స్ చదువుతానంటున్నారు. వడగాడ్పులు, తుపాన్లు చూస్తూ పెరిగిన పిల్లలకు ఆ కోరిక కలగడం సహజం. అయితే ఈ చదువు గురించి పెద్దల్లోనూ, కోరుకునే పిల్లల్లోనూ అపోహలు చాలా ఉన్నాయి.

అపోహ: లెక్కలు రానివాళ్ల చదువు ఇది. మొక్కలు నాటడం, ప్లాస్టిక్ వద్దని ప్రచారం చేయడం నేర్పుతారు.

మొక్కలు నాటడం మంచి పనే కానీ, దానికి డిగ్రీ అక్కర్లేదు. క్లైమేట్ సైన్స్‌కు పునాది ఫిజిక్స్, మ్యాథ్స్. మొదట్లోనే చేయించే ఒక లెక్క చూడండి. భూమి దగ్గర సూర్యుడి ఎండ చదరపు మీటరుకు సుమారు 1361 వాట్లు. గుండ్రటి భూమి మొత్తానికి పంచితే సగటున అందులో నాలుగో వంతే దక్కుతుంది. ఆ వచ్చినదాంట్లో దాదాపు 30 శాతాన్ని మేఘాలు, మంచు, నేల వెనక్కి తిప్పి పంపుతాయి. మిగిలిన అంకెను ఇంటర్‌లో చదివే స్టెఫాన్–బోల్ట్జ్‌మన్ నియమంలో పెడితే భూమి ఉష్ణోగ్రత 255 కెల్విన్లని తేలుతుంది, అంటే మైనస్ 18 డిగ్రీల సెల్సియస్. నిజంగా భూమి సగటు ఉష్ణోగ్రత 15 డిగ్రీల దగ్గర ఉంది. ఆ 33 డిగ్రీల తేడా నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ లాంటివి వేడిని పట్టి ఉంచడం వల్ల వచ్చింది. అవి లేకపోతే సముద్రాలు గడ్డకట్టేవి.

ఇంటర్ విద్యార్థి ఒక్క కాగితం మీద తేల్చగల లెక్క ఇది. ఇక్కడ ఉత్సాహం పుట్టిన పిల్లలకు ముందున్నవి థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ డైనమిక్స్, అవకలన సమీకరణాలు, స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్. 2021 నోబెల్ ఫిజిక్స్ బహుమతిలో సగం స్యుకురో మనాబే, క్లాస్ హాసెల్‌మన్‌లకు దక్కింది భూవాతావరణాన్ని ఇలా లెక్కల్లోకి తెచ్చినందుకే.

అపోహ: వచ్చే నెల వాన సంగతి చెప్పలేనివాళ్లు 2050 సంగతి ఏం చెబుతారు?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నారు మన పెద్దలు. ఆ కార్తెలో ఫలానా మంగళవారం ఎన్ని డిగ్రీలుంటుందో వాళ్లు చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. రోజువారీ సూచనకు ఈరోజు గాలి ఎక్కడ ఎలా ఉందన్నది ప్రాణం. ఆ కొలతలో చిన్న తేడా ఉన్నా రెండు వారాలు తిరిగేసరికి అంచనా తలకిందులవుతుంది. దశాబ్దాల అంచనాకు ఆధారం వేరు: భూమికి ఎంత శక్తి వస్తోంది, ఎంత బయటికి పోతోంది అన్నది. అక్కడ చూసేది 30 ఏళ్ల సగటును, ఒక రోజును కాదు.

అపోహ: డిగ్రీ పేరులో ‘క్లైమేట్’ అని ఉండాలి. అది మన దగ్గర లేదు కాబట్టి విదేశాలకు పోవాల్సిందే.

పిల్లలకు ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. అప్పులు చేయించేది కూడా ఇదే. ఆ పేరుతో డిగ్రీ కోర్సులు మన దేశంలో తక్కువన్నది నిజం. కానీ ఈ రంగంలో పేరున్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచి వచ్చారో చూడండి. వీరభద్రన్ రామనాథన్ అన్నామలై యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదివి, సికింద్రాబాద్‌లో ఒక రిఫ్రిజిరేటర్ల కంపెనీలో చేరారు. చల్లదనం కోసం వాడే సీఎఫ్‌సీ వాయువు ఎందుకు లీకవుతోందో కనిపెట్టడం ఆయన పని. ఆ తర్వాత బెంగళూరు ఐఐఎస్సీలో, అమెరికాలో పై చదువులు చదివి, 1975లో అదే సీఎఫ్‌సీ భూమిని ఎంత వేడెక్కిస్తుందో లోకానికి చూపించారు. ఒక్క సీఎఫ్‌సీ అణువు కార్బన్ డయాక్సైడ్ అణువుకన్నా పదివేల రెట్లు ఎక్కువ ప్రభావం చూపగలదని ఆయన లెక్క తేల్చింది. సికింద్రాబాద్ ఫ్యాక్టరీలో మొదలైన దారి అంత దూరం వెళ్లింది.

నెల్లూరులో పుట్టిన పంచేటి కోటేశ్వరం గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా చెప్పాల్సింది. వర్షాకాలంలో దక్షిణ భారతం పైన, ఎంతో ఎత్తులో తూర్పు నుంచి పడమరకు దూసుకుపోయే గాలి ప్రవాహాన్ని 1950లలో శాస్త్రలోకానికి వివరించింది ఆయనే. తర్వాత ఆయన భారత వాతావరణ విభాగానికి అధిపతి అయ్యారు.

ఇక చదువుకునే చోట్లు. పుణె, తిరుపతిలలోని కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన విద్యాసంస్థలైన ఐసర్‌లలో ఎర్త్ అండ్ క్లైమేట్ సైన్స్ విభాగాలున్నాయి. ఇంటర్ తర్వాత ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్ రాసి బీఎస్–ఎంఎస్‌లో చేరవచ్చు. మామూలు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్, మ్యాథ్స్ చదివినవాళ్లకు విశాఖ ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో మెటియరాలజీ, ఓషనోగ్రఫీ విభాగం ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సముద్ర, వాతావరణ శాస్త్రాల ఎమ్మెస్సీ ఉంది. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనశాలలో 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ఎంఎస్‌టీ రాడార్‌ను ఒకసారి చూడాలి. ఒకప్పుడు మన మిద్దెల మీద కనిపించిన టీవీ యాంటెన్నాల్లాంటివి 1024 జతలు వరసలు కట్టి నేలమీద నిలబడి ఉంటాయి. తలపైన కిలోమీటర్ల ఎత్తున గాలి ఎటు, ఎంత వేగంతో కదులుతోందో అవి పసిగడతాయి. సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ కూడా హైదరాబాద్‌లోనే ఉంది.

అపోహ: ఉద్యోగాలుండవు. లేదా, చదవగానే ఉద్యోగం రెడీ.

రెండూ తప్పే. మూడేళ్ల డిగ్రీతో నేరుగా ఈ రంగంలో కుదురుకోవడం కష్టం. కనీసం ఎమ్మెస్సీ చేయాలి, పరిశోధనకు పీహెచ్‌డీ తప్పదు. వాతావరణ విభాగంలో సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులకు ఫిజిక్స్ ఒక సబ్జెక్టుగా ఉన్న డిగ్రీతో దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) ఆ నోటిఫికేషన్ 2017లో ఇచ్చి, మళ్లీ 2022లో ఇచ్చింది. దాన్నే నమ్ముకుని కూర్చోకూడదు.

మరోవైపు ప్రైవేటు రంగంలో అవసరం నిజంగానే ఉంది. గాలిమరలు, సోలార్ ప్లాంట్లు గ్రిడ్‌కు ఎంత కరెంటు ఇస్తాయో పావుగంటకొక అంచనా చొప్పున రోజుకు 96 అంచనాలు ముందే చెప్పాలి. లెక్క తప్పితే జరిమానా. మబ్బు ఎప్పుడు కమ్ముతుందో, గాలి ఎప్పుడు పడిపోతుందో చెప్పగలిగినవాళ్ల విలువ అక్కడ తెలుస్తుంది. పంటల బీమా, రిజర్వాయర్ల నిర్వహణ కూడా ఇలాంటివాళ్లనే కోరుతున్నాయి.

అపోహ: కనిపెట్టాల్సిందంతా కనిపెట్టేశారు.

భూమి వేడెక్కుతోందన్నదీ, అది మనుషుల పనేనన్నదీ తేలిపోయాయి. మేఘాలు ఆ వేడిని ఎంత పెంచుతాయో, దుమ్ము, పొగ రుతుపవనాలను ఎంత మారుస్తాయో ఇంకా తేలాలి.

కాబట్టి అమ్మానాన్నలకు ఒక్క మాట. మీ పిల్లలు ఈ చదువు కావాలంటే కాదనకండి. ఫీజు కట్టే ముందు సిలబస్ తెప్పించుకుని వాళ్లతో కలిసి చదవండి. అందులో థర్మోడైనమిక్స్, అవకలన సమీకరణాలు, ప్రోగ్రామింగ్ లేకపోతే, కోర్సు పేరు ఎంత ఆకర్షణీయంగా ఉన్నా అక్కడ చేర్పించవద్దు. దగ్గర్లోని మంచి కాలేజీలో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉన్న బీఎస్సీలో చేర్చండి.