కొయ్య వేదికకు ఆయువు అడుగు భాగంలోనే
నెల్లూరు తీరంలో డెక్‌ల నిర్మాణం, పునరుద్ధరణపై ప్రత్యేక వ్యాసం

నాయుడుపేట: నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రం, పులికాట్ సరస్సు వంటి చోట్ల యాత్రికుల కోసం వీక్షణ వేదికలను, పడవ రేవుల వద్ద నడకదారులను, విడిది గృహాల ముందు కూర్చునే అరుగులను కొయ్యతో నిర్మించాలన్న ప్రతిపాదన వచ్చినపుడల్లా సంబంధిత అధికారుల ముందు రెండు ప్రశ్నలు నిలుస్తాయి. కొయ్య ఎన్నాళ్లు మన్నుతుంది? ఆ మన్నికకు ఏటా ఎంత వెచ్చించాలి? డెక్ అని వ్యవహరించే ఈ వేదికల విషయంలో ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం పైకి కనిపించే పలకల నునుపులోగాని, వాటికి పూసిన రంగులోగాని లేదు. పలకల అడుగున, వాసాల నెత్తిన, స్తంభాల మొదళ్లలో వుంది. తనిఖీకి వెళ్లిన అధికారిగాని, వార్త రాయబోయే పాత్రికేయుడుగాని ముందుగా వంగి చూడవలసింది అక్కడికే.

స్వర్ణముఖి నది ఒడ్డున, చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారిపై వున్న నాయుడుపేట 2022 వరకు నెల్లూరు జిల్లాలో వుండి, ఆ ఏడాది జరిగిన పునర్వ్యవస్థీకరణలో తిరుపతి జిల్లాలో చేరింది. జిల్లా మారినా వాతావరణం మారలేదు. ఇక్కడి వర్షపాతంలో అధిక భాగం అక్టోబరు నుండి డిసెంబరు వరకు వీచే ఈశాన్య రుతుపవనాల వల్లనే కురుస్తుంది. 2015, 2021 సంవత్సరాల నవంబరు నెలలోను, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను సమయంలోను ఈ ప్రాంతం భారీ వర్షాలను చవిచూచింది. ఆ మూడు నెలలు నాని ఉబ్బిన కొయ్య, తిరిగి ఏప్రిల్, మే నెలల ఎండకు కుంచించుకుపోతుంది. ఏటా ఒకసారి ఉబ్బి, ఒకసారి ముడుచుకొనే పలకలో బీటలు పడటం, ఆ బీటలలో నీరు నిలవడం సహజం. దీనికి సముద్రపు ఉప్పు గాలి తోడై మేకులను తినివేస్తుంది. ఇనుప మేకు తుప్పు పట్టిందంటే నష్టం మేకుతో ఆగదు. తుప్పు చుట్టూ వున్న కొయ్య నల్లబడి పట్టు వదులుతుంది. పలక చూడటానికి గట్టిగానే వుంటుంది, కాలు మోపితే లేస్తుంది.

కొయ్యను కుళ్లబెట్టే శిలీంధ్రానికి తేమ కావాలి. కొయ్యలోని తేమ దాని పొడి బరువులో 20 శాతానికి లోబడి వున్నంతకాలం శిలీంధ్రం పెరగజాలదు. కనుక వర్షం పడటం దోషం కాదు, పడిన వర్షం ఆరకపోవడం దోషం. మంచి డెక్ నిర్మాణంలోని మెళకువలన్నీ ఈ ఒక్క సూత్రం నుండి పుట్టినవే.

కలప ఎంపిక, ఒక తెలుగువాని ఆవిష్కరణ

టేకు చేవకు సహజంగానే మన్నిక వున్నది. అయితే ధర ఎక్కువ. పైగా చేవ లేని తెల్లకొయ్య కలిసిన టేకును చేవ ధరకు కొనడం ఈ పనిలో అందరికీ తెలిసిన నష్టం. నల్లమద్ది, ఏగిస కూడా బయట వాడకానికి తగినవే. తీరపు ఇసుక నేలల్లో విస్తారంగా పెరిగే సరుగుడు గట్టి కలపే అయినప్పటికీ ఎండేటపుడు నిలువునా చీలుతుంది. మందు పట్టించకుండా నేలలో పాతితే దాని మొదలు త్వరగా పోతుంది. పందిళ్లకు, తాత్కాలిక నిర్మాణాలకు సరుగుడు చాలునుగాని, జనం నిలిచే వేదికకు శుద్ధి చేయని సరుగుడు గుంజలను స్తంభాలుగా వాడరాదు.

కలపకు మందు పట్టించడంలో తెలుగువారు ప్రత్యేకంగా చెప్పుకోదగిన పేరు ఒకటి వున్నది. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన సొంటి కామేశం 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలను కలిపి, నీటిలో కరిగే ద్రావణంగా కొయ్యలోనికి ఎక్కించే విధానాన్ని కనుగొన్నారు. కొయ్యలోనికి చేరిన తరువాత ఆ లవణాలు గట్టిగా పట్టుకొని, వానకు కొట్టుకుపోకుండా నిలుస్తాయి. రాగి శిలీంధ్రాన్ని, ఆర్సెనిక్ చెదలను అడ్డుకుంటాయి. వాటిని కొయ్యకు అతికించే పని క్రోమియానిది. ఆస్కూ అన్న పేరుతో మొదలైన ఈ మందు సి.సి.ఎ. పేరుతో ప్రపంచమంతటా వ్యాపించింది. అమెరికాలో ఇండ్ల వెనుక కనిపించే లేత ఆకుపచ్చ డెక్‌లు దశాబ్దాల పాటు దీనితోనే తయారైనాయి. నేడు అక్కడ నివసించే తెలుగు కుటుంబాలు సాయంత్రం వేళ కుర్చీలు వేసుకునే పాత డెక్‌లలో కొన్నింటినైనా కామేశం మందే కాపాడుతూ వుండవచ్చు.

అయితే ఆర్సెనిక్ విషం. చర్మానికి, మట్టికి అంటుతుందన్న ఆందోళనతో అమెరికాలోని ఉత్పత్తిదారులు 2003 డిసెంబరు 31 తరువాత ఇండ్ల వాడకానికి ఉద్దేశించిన కలపకు ఈ మందును నిలిపివేశారు. రాగి ప్రధానంగా గల ఇతర మందులు ఆ స్థానంలోకి వచ్చాయి. ఇక్కడి అధికారులు ఇందులో గమనించవలసిన అంశాలు రెండు. మొదటిది, కొత్త రాగి మందులు మామూలు ఇనుమును మరింత త్వరగా తింటాయి గనుక వాటితో శుద్ధి చేసిన కలపకు స్టెయిన్‌లెస్ స్టీల్ మరలుగాని, కరిగిన జింకులో ముంచి తీసిన మరలుగాని మాత్రమే వాడాలి. రెండవది, పాత సి.సి.ఎ. కలపను రుద్దేటపుడు ముక్కుకు తగిన ముసుగు, చేతులకు తొడుగులు తప్పనిసరి. ఊడదీసిన ముక్కలను వంటచెరకుగా ఎవరికీ ఇవ్వరాదు. దాని బూడిదలో, పొగలో ఆర్సెనిక్ వుంటుంది. టెండరు పత్రాలలో తరచు జారిపోయే విషయం ఇదే. పనికిరాని కొయ్య ఎవరికి చేరుతుందో రాయకపోతే అది పొయ్యిలోకే చేరుతుంది.

కలప సంరక్షణకు ఐ.ఎస్. 401, వాడకానికి తగిన తేమ పరిమితికి ఐ.ఎస్. 287 భారతీయ ప్రమాణాలు అందుబాటులో వున్నాయి. అంచనాలలో "మంచి రకం కలప" అని రాయడానికి బదులు ఈ సంఖ్యలను ఉదహరించడం ఉభయులకూ క్షేమం.

నిలిచేది జనం

ఖాళీగా వున్నపుడు ప్రతి వేదికా నిలుస్తుంది. పరీక్ష జనం ఎక్కినపుడే. 2003 జూన్ 29న చికాగో నగరంలో ఒక ఇంటి వెనుకనున్న మూడంతస్తుల కొయ్య వసారా విందుకు వచ్చినవారి బరువుకు కూలి 13 మంది మరణించారు. 2015 జూన్ 16న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో అయిదవ అంతస్తు బాల్కనీ విరిగిపడి ఆరుగురు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. పైపూత వెనుక దాగిన దూలాలు నీరు పట్టి కుళ్లిపోయి వుండటమే ఈ రెండవ ప్రమాదానికి కారణమని తేలింది. పైనుండి చూచినవారికి ఆ కుళ్లు కనిపించలేదు.

సూళ్లూరుపేటలో 2001లో మొదలైన ఫ్లెమింగో ఉత్సవం వంటి సందర్భాలలో ఒకే వీక్షణ వేదికపైకి ఒకేసారి జనం ఎక్కి, పక్షులు కనిపించిన వైపుకే అందరూ జరగడం సహజం. బరువు సమంగా పంచబడుతుందన్న లెక్క అక్కడ పనికిరాదు. జనం గుమికూడే చోట్లకు ఐ.ఎస్. 875 రెండవ భాగం చదరపు మీటరుకు 5 కిలోన్యూటన్ల బరువును నిర్దేశించింది. అంటే సుమారు 500 కిలోలు. విడిది గృహపు వరండా కొలతలతో వీక్షణ వేదికను కట్టించడం ఈ లెక్కకు నిలవదు. చుట్టూ వుండే కమ్మీ కూడా ఆనుకొనేవారి తోపుకు ఆగేటట్లుండాలి. దానిని పలకలకు మేకులతో కొట్టక, కింది దూలాలకు బోల్టులతో బిగించాలి.

పనిముట్లు, పనితీరు

వడ్రంగి సంచిలోని రంపం, ఉలి, చిత్రిక, మూలమట్టం, రసమట్టం, రంగు దారం ఈ పనికి మూలాధారం. వీటికి తోడు కరెంటు బర్మా, చక్రపు రంపం, మర బిగించే యంత్రం వుంటే పని వేగంగా సాగుతుంది. కొలత పట్టడం, దారం కొట్టి గీత గీయడం మాత్రం యంత్రాలు చేయవు. మొదటి పలక వంకరైతే చివరి పలక వరకు ఆ వంకర పెరుగుతూనే పోతుంది.

స్తంభాన్ని కాంక్రీటు గుంతలో పాతడం అలవాటైన పద్ధతి. అదే చెడ్డ పద్ధతి. కాంక్రీటుకు, కొయ్యకు మధ్య నీరు దిగి, పైకి రాలేక నిలిచిపోతుంది. కాంక్రీటు దిమ్మెను నేలమట్టానికి పైన ముగించి, దానిపై ఉక్కు పాదు బిగించి, ఆ పాదులో స్తంభాన్ని నిలబెట్టాలి. పులికాట్ వంటి ఉప్పునీటిలో నిలిచే స్తంభాలకు మరొక శత్రువు వున్నది. కొయ్యను లోలోపల తొలిచే సముద్రపు పురుగులు నీటిమట్టానికి దిగువన గుల్ల చేస్తాయి. పైన కనిపించే భాగం చెక్కుచెదరదు. అటువంటి చోట నీటిలోని భాగాన్ని కాంక్రీటుతో కట్టి, పైభాగాన్ని మాత్రమే కొయ్యతో కట్టడం మేలు.

దూలాలపై వాసాలను సుమారు 40 సెంటీమీటర్ల ఎడంతో అమర్చడం సాధారణ పద్ధతి. వాసం నెత్తిన జలనిరోధక పట్టీ అంటిస్తే మరల రంధ్రాల ద్వారా నీరు దిగదు. చవకైన ఈ పట్టీ వాసపు ఆయువును ఎన్నో ఏళ్లు పెంచుతుంది. గోడకు ఆనించి కట్టే డెక్ అయితే గోడవైపు దూలాన్ని బోల్టులతో బిగించాలి. మేకులపై ఆధారపడిన డెక్ గోడ నుండి ఊడివచ్చే ప్రమాదం వున్నది.

ఎండిన పలకల మధ్య 5 మిల్లీమీటర్ల సందు విడవాలి. మందు ఎక్కించి ఇంకా తడిగా వున్న పలకలను దగ్గరగా వేసినా, అవి ఎండి ముడుచుకొన్నపుడు సందు దానంతట అదే ఏర్పడుతుంది. ఇక్కడ ఒక మాట చెప్పవలసి వుంది. తీరంలో కొయ్యపనిలో ఆరితేరినవారు పడవలు చేసేవారు. పూర్వం ఓడల నిర్మాణానికి పేరొందిన కోరంగి మొదలుకొని నేటి రేవుల వరకు వారి విద్య గొప్పది. కాని పడవ డెక్‌లో నీరు లోనికి దిగరాదు గనుక పలకల సందుల్లో నూలు దట్టించి మూసివేస్తారు. పలకలు ఉబ్బి బిగిసి వుండాలని సముద్రపు నీటితో తడుపుతారు కూడా. నేలపై కట్టే డెక్‌కు సరిగ్గా దీనికి విరుద్ధమైనది కావాలి. నీరు దిగిపోవాలి, గాలి ఆడాలి. పడవల వడ్రంగులకు పని అప్పగించేటపుడు ఈ తేడాను ముందే స్పష్టం చేయడం అవసరం.

గట్టి కలపలో మర బిగించే ముందు బర్మాతో సన్నని రంధ్రం చేయాలి. లేకుంటే పలక చివర చీలుతుంది. ప్రతి వాసం వద్ద రెండు మరలు, మర పొడవు పలక మందానికి సుమారు రెండున్నర రెట్లు వుండాలి. సముద్రానికి చేరువలో 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ మేలైనది. కోసిన ప్రతి ముఖానికి అక్కడికక్కడే మందు పూయాలి. పలక నీటిని ఎక్కువగా పీల్చేది పక్కల నుండి కాదు, కోత ముఖం నుండి. ఈ పని సాయంత్రానికి వాయిదా పడితే సాధారణంగా జరగదు.

పునరుద్ధరణ

పాత డెక్‌ను బాగుచేసే ముందు దానిని పొడిచి చూడాలి. కోసుగా వున్న మరతిప్పుడు కొనను స్తంభం మొదట్లో, వాసపు చివరల్లో గుచ్చినపుడు అది సులువుగా దిగితే ఆ కొయ్య పోయినట్లే. సుత్తితో తట్టితే మంచి కొయ్య కంగుమంటుంది, గుల్లబారినది బొద్దుగా పలుకుతుంది. పోయిన వాసంపై కొత్త పలకలు వేయడం కంటె వృథా వ్యయం లేదు.

శుభ్రపరచడానికి గట్టి కుంచె బ్రష్షు, సబ్బు నీరు చాలును. ఇనుప మేకుల చుట్టూ ఏర్పడిన నల్లని మరకలను ఆక్సాలిక్ ఆమ్ల ద్రావణం తొలగిస్తుంది. అది కూడా విషమే గనుక చేతి తొడుగులు వాడి, తరువాత నీటితో బాగా కడగాలి. ఒత్తిడితో నీరు చిమ్మే యంత్రాన్ని దగ్గరగా పెడితే కొయ్య నార లేచి, పలక గరుకెక్కుతుంది. కడిగిన తరువాత రెండు మూడు రోజులు ఆరనిచ్చి, 60 నుండి 80 నంబరు గరుకు కాగితంతో రుద్దితే సరిపోతుంది. ఇంటి తలుపుకు వలె నునుపు చేస్తే నూనె లోనికి ఇంకదు, తడిసినపుడు కాలు జారుతుంది.

పైపూతగా వార్నిష్ వేయాలా, నూనె పట్టించాలా అన్నది తరచు వచ్చే ప్రశ్న. ఈ తీరంలో నూనెదే పైచేయి. వార్నిష్ పొర ఎండకు పగిలి, ఆ పగులు కింద నీరు చేరి పెచ్చులూడుతుంది. మళ్లీ వేయాలంటే పాత పొరనంతా గీకవలసిందే. లోనికి ఇంకే నూనె పెచ్చులూడదు. రంగు వెలిసినపుడు కడిగి మరొక పూత వేస్తే చాలు. పలకపై కొద్దిగా నీరు చల్లినపుడు బిందువులుగా నిలిస్తే పూత వున్నట్లు, వెంటనే ఇంకిపోతే మరల పూయవలసిన సమయం వచ్చినట్లు. లేత రంగు కలిసిన నూనె ఎండకు ఎక్కువకాలం ఆగుతుంది.

అవిసె నూనె కలిసిన పూతలు వాడినవారు తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి మూల పడవేయరాదు. నూనె ఆరేటపుడు పుట్టే వేడికి ఆ గుడ్డలు నిప్పు లేకుండానే అంటుకుంటాయి. వాటిని విడివిడిగా ఆరవేయాలి, లేదా నీటిలో ముంచి వుంచాలి.

పని వేళ విషయంలో పక్షుల కేంద్రాలకు ప్రత్యేకమైన చిక్కు వున్నది. వానలు వెలసి, ఎండ తీవ్రం కాని జనవరి నుండి మార్చి వరకు కొయ్యపనికి అనువైన కాలం. కాని నేలపట్టులో అక్టోబరులో వచ్చే గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను పెంచే కాలమూ అదే. రంపపు మోత, రుద్దుడు యంత్రాల రొద అప్పుడు తగవు. కనుక పక్షులు తరలిపోయిన తరువాత, ఏప్రిల్ నడుమ నుండి పని మొదలుపెట్టి, ఎండ వేడిలో నూనె ఇంకకముందే ఆరిపోకుండా తెల్లవారు వేళల్లోనే పూత ముగించవలసి వుంటుంది. ఈశాన్య రుతుపవనాలకు ముందు సెప్టెంబరులో అడుగు భాగాన్ని మరొకసారి చూచి, సందుల్లో చిక్కిన ఆకులు, మట్టి తీయించాలి. దీనికి కావలసిన సొమ్ము నిర్మాణ అంచనాలోనే ఏటేటి నిర్వహణ పద్దుగా చేరితే తప్ప విడిగా మంజూరు కావడం కష్టం.

పలకలు వేయకముందే వాసాల పట్టీలు, స్తంభాల పాదులు, గోడవైపు బోల్టుల ఛాయాచిత్రాలు తీయించి, కొలతల పుస్తకంతో జతపరచాలి. పలకలు వేసిన తరువాత వాటిని ఎవరూ చూడలేరు.