యింజనుకూ కావాలి స్నేహం!

సంస్కృతంలో 'స్నేహ' శబ్దానికి చెలిమి అనే కాదు, నూనె అనే అర్థమూ ఉన్నది. క్లాసులో ఈ మాట చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వుతారు. కాని వేగానికి పేరుపడ్డ పాత కారును పోషించేవారికి ఇది నవ్వులాట కాదు సుమా!

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు బి.ఎమ్.డబ్ల్యు. వారి ఎమ్-3 పాతది కొన్నాడు. 2000 నుంచి 2006 దాకా తయారైన రకం. యింజను నిమిషానికి 8,000 చుట్లు తిరుగుతుంది. "మామయ్యా, 5డబ్ల్యు-30 నూనె చవగ్గా వస్తోంది, పోసేదా?" అని అడిగాడు.

ఆ అంకెల భావమేమిటి? 'డబ్ల్యు' అంటే వింటర్, శీతకాలం. దాని ముందరి అంకె ఎంత చిన్నదైతే నూనె చలిలో అంత సులువుగా పారుతుంది. వెనుకటి అంకె ఎంత పెద్దదైతే 100 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో అంత చిక్కగా నిలుస్తుంది. మరీ పలచనైతే బేరింగుల నడుమ నూనెపొర తెగి లోహం లోహాన్ని ఒరుసుకుంటుంది. మరీ చిక్కనైతే చలి ఉదయాన సందుల్లోకి చేరడం ఆలస్యం.

ఈ యింజనుకు కంపెనీవారు చెప్పినది 10డబ్ల్యు-60. చిక్కని నూనె గనుక, చుట్ల మీటరులో చిన్న దీపాలూ అమర్చారు. నూనె వేడెక్కేకొద్దీ అవి ఒక్కొక్కటే ఆరుతాయి. అందాకా యింజనును పరుగెత్తించరాదు.

అలాగని ప్రతి పాత కారుకూ చిక్కని నూనె పోయడమూ పొరపాటే. పొగ వస్తే కారణం వెదకాలి. చిక్కదనం రోగాన్ని కప్పుతుందే గాని కుదర్చదు.

"డబ్బా ధర చూడకు, కారుతో వచ్చిన పుస్తకం చూడు" అన్నాను. నూనెలో మిగిలిన డబ్బు బేరింగుల ఖర్చుకు ఏమూలకు?