వెళ్ళేటప్పుడొకటి, వచ్చేటప్పుడొకటి

ముందే ఒప్పేసుకుంటున్నాను. సంగీతంలో నా జ్ఞానం సున్నా. వంటింట్లో మా శ్రీమతి కూనిరాగం తీస్తుంటే అది ఏ రాగమో దేవుడెరుగు, ఏ సినిమాలోదో కూడా చెప్పలేను. అలాంటివాణ్ణి బీటిల్స్ గురించీ పింక్ ఫ్లాయిడ్ గురించీ రాస్తున్నానంటే దానికి కారణం మా అబ్బాయి, వాడి బాడ్మింటన్, ఇంకా 311 రోడ్డు.

మేం ఉండేది షార్జా అల్ నహదాలో. అబ్బాయి కోచింగ్ దుబాయ్ అల్ కోజ్‌లో. శనివారం పొద్దున్నే బయల్దేరితే, సాలిక్ గేట్లు లేవని మనవాళ్ళందరికీ అంత ప్రియమైన ఆ 311 మీద వెళ్ళడానికి ముప్పావుగంట, రావడానికి ముప్పావుగంట. పదకొండో తరగతి కుర్రాడు, చెవుల్లో ఎప్పుడూ ఆ రెండు తెల్లటి బుడిపెలు. నేనేమో సోమవారం చేయాల్సిన సర్వర్ మార్పు గురించి ఆలోచిస్తూ స్టీరింగు తిప్పుతుంటాను. ఒకే కారులో ఇద్దరు, చెరో లోకం.

ఒక శనివారం వాడి ఫోను పొరపాటున కారు స్పీకర్లకి తగులుకుంది. ఒక్కసారిగా గిటార్లు విరుచుకుపడ్డాయి. "ఏమిట్రా ఈ గోల, ఆపు!" అన్నాను. వాడు ఆపాడు. ఆపి, చాలా మర్యాదగా అడిగాడు. "నాన్నా, నువ్వు ఎప్పుడైనా ఒక్క ఆల్బమ్ మొదటినుంచి చివరిదాకా విన్నావా?"

ఆలోచిస్తే, లేదు. మా రోజుల్లో అసలు ఆల్బమ్ అన్న మాటే లేదు. క్యాసెట్ కొంటే ఒక పక్క ఒక సినిమా, రెండో పక్క ఇంకో సినిమా. డబ్బులు తక్కువైతే ఖాళీ క్యాసెట్ కొని, కావలసిన పాటల జాబితా కాగితం మీద రాసి రికార్డింగ్ షాపువాడికి ఇచ్చేవాళ్ళం. వారం తర్వాత వెళ్తే మనం అడిగిన పన్నెండు పాటల్లో తొమ్మిది ఉండేవి, మిగతా మూడూ షాపువాడికి నచ్చినవి. నచ్చని పాట వస్తే ముందుకి తిప్పడం, రీలు చిక్కుపడితే పెన్సిల్ పెట్టి చుట్టడం. అంతే మన సంగీత సాధన!

అలా ఒప్పందం కుదిరింది. వెళ్ళేటప్పుడు వాడి ఆల్బమ్, వచ్చేటప్పుడు నాది. వరస మార్చకూడదు, ఏ పాటా దాటేయకూడదు, నచ్చకపోతే అయ్యాక చెప్పాలి. పాతకాలం ఎల్పీ రికార్డు రెండు పక్కలూ కలిపి సుమారు నలభై నిమిషాలు. అంటే సరిగ్గా అల్ నహదా నుంచి అల్ కోజ్ దాకా!

మొదట నాకు కాస్త తెలిసినదే పెట్టమన్నాను. ఎం.సి.ఏ. చదివే రోజుల్లో హాస్టల్లో గిటారు పట్టుకున్నవాడల్లా వాయించిన 'హోటల్ కాలిఫోర్నియా', ఈగల్స్ వాళ్ళ 1976 ఆల్బమ్. మొదటి పాట ఆ పాటే. వింటుంటే హాస్టల్ మెస్ సాంబారు వాసన కూడా వచ్చింది. తర్వాతి ఎనిమిదీ నాకు పెద్దగా ఎక్కలేదు. నిజం చెప్పడానికి మొహమాటమెందుకు?

తర్వాతది 'థ్రిల్లర్', 1982. ఇక్కడ నేను కాస్త కాలరెగరేశాను. ఎందుకంటే మైకేల్ జాక్సన్ పేరు వినకముందే నేను థ్రిల్లర్ చూసేశాను, మా ఊరి టూరింగు హాల్లో, నేల టిక్కెట్టు మీద! 1985లో కోదండరామిరెడ్డిగారి 'దొంగ' వచ్చింది కదా. అందులో చక్రవర్తిగారి 'గోలీమార్' పాటకి చిరంజీవి ఎర్రకోటుతో, దెయ్యాల గుంపుతో స్మశానంలో చిందులేస్తాడు. నేను భయపడి అమ్మ చీరకొంగు ముఖం మీద కప్పుకుని, దాని సందులోంచి చూశాను. మా వాడికి ఇంటికెళ్ళాక ఫోన్లో చూపిస్తే పొట్ట పట్టుకుని నవ్వి, "ఇది కాపీ నాన్నా" అన్నాడు. కాపీయే, నేనేమీ వాదించలేదు. కానీ గోదావరి పక్కన కరెంటు సరిగ్గా లేని ఊరికి మైకేల్ జాక్సన్ ఆ దారినే వచ్చాడు మరి! ఆయనే 2005లో బహ్రెయిన్ వచ్చి కొన్నాళ్ళు ఉన్నాడు, మనకి పొరుగూరే. ఇక ఆల్బమ్ సంగతికొస్తే, తొమ్మిది పాటల్లో ఒక్కటీ దాటేయాలనిపించలేదు. 'బీట్ ఇట్' మధ్యలో గిటారు వాయించిన ఎడ్డీ వాన్ హేలెన్ పైసా పుచ్చుకోలేదని వాడే చెప్పాడు. కన్సల్టెంటుగా అది నాకు జీర్ణం కాలేదు.

బీటిల్స్ 'యాబీ రోడ్' 1969లో వచ్చింది. నలుగురు వరసగా రోడ్డు దాటే ఆ అట్టబొమ్మ పిల్లలందరికీ తెలుసు. అందులో మొదటి పక్క చివర ఒక పాట దాదాపు ఎనిమిది నిమిషాలు సాగుతుంది. ఒకే ముక్క తిప్పి తిప్పి, బరువు పెంచుకుంటూ పోతారు. మిర్దిఫ్ దాటుతుండగా, హఠాత్తుగా కత్తిరించినట్టు ఆగిపోయింది. "బ్లూటూత్ పోయింది" అన్నాను. "లేదు నాన్నా, పాటే అంత." ఆ నిశ్శబ్దం తర్వాత జార్జ్ హారిసన్ గిటారు మెల్లగా మొదలవుతుంది, ఎండ వచ్చిందని సంబరపడే పాట. ఇంగ్లండులో నెలల తరబడి చలి ముసురులో ఉన్నవాడు రాశాడు, బాగానే ఉంది. జులై నెలలో షార్జాలో వినేవాడికి ఆ సంబరం అంతగా అర్థం కాదు. కానీ స్వరం మాత్రం చల్లగా ఉంది. మన రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకున్నవాడే కదా అనుకుని గర్వపడ్డాను.

ఒక శనివారం మా శ్రీమతి కూడా వస్తానంది. ఆ రోజు వంతు పింక్ ఫ్లాయిడ్, 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్', 1973. గుండె చప్పుడుతో మొదలవుతుంది. కాసేపటికి గడియారాలన్నీ ఒక్కసారి మోగుతాయి. నేను బ్రేకు మీద కాలేశాను. వెనకనుంచి ల్యాండ్ క్రూయిజర్ వాడు లైట్లు కొట్టాడు. తర్వాత ఒక స్త్రీ గొంతు, మాటల్లేవు, నాలుగు నిమిషాలు ఒట్టి ఆలాపన. క్లేర్ టోరీ అన్న గాయని ఒక సాయంత్రం వచ్చి పాడి, 30 పౌండ్లు తీసుకుని వెళ్ళిపోయిందట. ఆ స్వరకల్పనలో ఆవిడకీ భాగముందని కోర్టు వ్యవహారం నడిచాక, 2005లో రాజీ కుదిరి ఆవిడ పేరు చేర్చారు.

తర్వాత 'మనీ'. చిల్లర డబ్బుల చప్పుడు, పాతకాలపు క్యాష్ మెషీను చప్పుడు. అంతవరకూ కిటికీలోంచి బయటికి చూస్తున్న మా శ్రీమతి ఒళ్ళో చెయ్యి లేచింది. తొడ మీద తాళం వేస్తోంది! చిన్నప్పుడు ఆరేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకుంది లెండి. "తకిట తకధిమి... ఏవండీ, ఇది మిశ్రచాపు! మూడూ నాలుగూ ఏడు!" అంది. వెనక సీట్లో మా వాడు తుళ్ళిపడ్డాడు. వాళ్ళ పుస్తకాల్లో కూడా ఈ పాటకి ఏడు లెక్కే రాసి ఉంటుందట. శాక్సఫోన్ కూడా ఆ ఏడులోనే సాగింది. గిటారు వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగింది. "మార్చేశారు, ఇప్పుడు నాలుగు." అదీ నిజమేనట! ఆ రోజునుంచి మా ఇంట్లో సంగీతం మీద ఆఖరి మాట ఆవిడది. నాది ఎప్పుడూ కాదనుకోండి.

తిరుగు ప్రయాణాల్లో నా వంతుకి ఇళయరాజాని నమ్ముకున్నాను. 'గీతాంజలి', 1989. మా వాడు మొదట అడిగింది ఎవరు పాడారని కాదు, "ఆ బేస్ గిటారు ఎవరు వాయించారు?" అని. ముప్పయ్యేళ్ళకి పైగా వింటున్నాను, అందులో బేస్ గిటారు ఉందని నాకు తెలియదు! తర్వాత అడిగాడు. "నాన్నా, వేటూరి మాటలు నీకు మొత్తం అర్థమవుతాయా?"

"ముప్పావు."

"నాకు పావు. పింక్ ఫ్లాయిడ్ నీకెంత?"

"అదీ పావే."

బళ్ళో హిందీ, అరబ్బీ, ఇంగ్లీషు. తెలుగు ఇంట్లోనే, అదీ వంటింటి అవసరాల వరకే. అందుకని తర్వాతి వారం మాటలే లేనిది పెట్టాను. ఇళయరాజా 1986లో త్యాగరాజస్వామికీ, జర్మన్ విద్వాంసుడు బాక్‌కీ అంకితమిచ్చిన 'హౌ టు నేమ్ ఇట్?' ఇల్లు చేరేదాకా వాడు ఒక్క మాట మాట్లాడలేదు. దిగేటప్పుడు రాకెట్ల బ్యాగు కారులోనే మరిచిపోయాడు.

ఇక క్వీన్. ఫ్రెడ్డీ మెర్క్యురీ పుట్టింది 1946లో జాంజిబార్‌లో, పార్శీ కుటుంబంలో. అసలు పేరు ఫరూఖ్ బల్సారా, చదువుకుంది మన పంచ్‌గనీ హాస్టల్లో. అంటే ఆయనా ప్రవాసి కొడుకే. వాళ్ళ 'ఎ నైట్ ఎట్ ది ఆపెరా' 1975లో వచ్చింది. కారు మీద ప్రేమతో పాడిన పాట ఒకటుంది అందులో, దుబాయ్‌లో దానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. చివరికి ముందు వచ్చే ఆరు నిమిషాల 'బొహీమియన్ రాప్సొడీ' సురభి నాటకం చూసినట్టుంది. ఏడుపు, వాదన, కోరస్, యుద్ధం, అన్నీ ఒకే పాటలో.

కానీ నేను చెప్పదలుచుకున్నది అవేవీ కాదు. అయిదో పాట. పేరు 'థర్టీ నైన్'. ఏదో జానపద గీతంలా చిన్నగా సాగిపోతుంది. ఫ్రెడ్డీ కాదు, గిటారిస్టు బ్రయాన్ మే రాసి తనే పాడాడు. నేను ఒక్కణ్ణే వింటూ ఉంటే కచ్చితంగా దాటేసేవాణ్ణి. "కథ తెలుసా నాన్నా?" అని మా వాడు చెప్పాడు. కొందరు కొత్త నేల వెతుక్కుంటూ అంతరిక్షంలోకి ఓడ మీద వెళ్తారు. కాంతి వేగానికి దగ్గరగా ప్రయాణం చేస్తే కాలం నెమ్మదిస్తుందని ఐన్‌స్టీన్ చెప్పాడు కదా. వాళ్ళకి గడిచింది ఒక్క ఏడాది. తిరిగొచ్చేసరికి ఇంటి దగ్గర నూరేళ్ళయిపోయింది. తనవాళ్ళెవరూ లేరు, వాళ్ళ పోలికలు మాత్రం తర్వాతి తరంలో ఉన్నాయి. బ్రయాన్ మే ఖగోళశాస్త్ర విద్యార్థి. పాటల కోసం మధ్యలో వదిలేసిన పీహెచ్‌డీని 2007లో, అరవయ్యో ఏట పూర్తిచేశాడు. పిల్లలూ, ఇది మాత్రం ఆదర్శంగా తీసుకోకండి!

నేను నవ్వుతూనే విన్నాను. ఆ సోమవారం ఆఫీసులో, ఏదో సిస్టమ్ రీస్టార్ట్ అయ్యేదాకా ఖాళీగా కూర్చుని, ఎక్సెల్ తెరిచాను. 2006లో రెండేళ్ళని చెప్పి వచ్చాను. ఇప్పటికి 19 ఏళ్ళు. ఏడాదికో సెలవు, అందులో అత్తవారింటికి కొన్ని రోజులు, తిరుపతికి కొన్ని, హైదరాబాదులో పనులకి కొన్ని. 2020లో అసలు వెళ్ళనే లేదు. అన్నీ తీసేసి కూడితే, ఈ 19 ఏళ్ళలో నేను అమ్మ దగ్గర ఉన్నది 370 రోజులు. ఇంకోసారి కూడాను. అంతే వచ్చింది. ఫైలు సేవ్ చేయకుండానే మూసేశాను.

మొన్న వేసవిలో ఊరెళ్ళాం. అమ్మకి అందడం లేదని వీధి గేటు గడియ కిందికి దించి వేయించారు. బోటిమ్‌లో రోజూ ముఖమే కనిపిస్తుంది, గడియ కనిపించదు. వచ్చే ఏడాది ఈ పాటికి మా వాడు చదువుకి ఎక్కడికో వెళ్ళిపోతాడు, ఏ దేశమో ఇంకా తేలలేదు.

ఒక సాయంత్రం అరుగు మీద వాడు చిన్న స్పీకరు పెట్టుకుని అదే ఆల్బమ్ వింటున్నాడు. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నాలుగు పాటలు ఓర్చుకుంది. అయిదోది వచ్చేసరికి, "ఈ అబ్బాయి గొంతు మెత్తగా ఉందిరా. ఏవంటున్నాడు?" అని అడిగింది.

మా వాడు నావైపు చూశాడు. నేను పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. నువ్వే చెప్పుకోరా అని.

"మామ్మా, కొంతమంది ఉంటారు. వాళ్ళు షిప్‌లో వెళ్తారు. నీళ్ళలో కాదు, పైన... ఆకాశంలో. కొత్త భూమి వెతకడానికి. వాళ్ళకి ఒక ఏడు అవుతుంది. కానీ ఇంటికి వస్తే, ఇక్కడ వంద ఏళ్ళు అయిపోయి ఉంటుంది. తెలిసినవాళ్ళు ఎవరూ... ఉండరు." మధ్యలో రెండుసార్లు ఆగి మాట వెతుక్కున్నాడు. ఇంగ్లీషులోకి మాత్రం పోలేదు.

అమ్మ చిక్కుడుకాయ విరిచి చేటలో వేసింది. "రేవతి కథే కదరా ఇది!"

"ఏ రేవతి?"

"మాయాబజార్ చూళ్ళేదూ? బలరాముడి పెళ్ళాం, శశిరేఖ తల్లి. పెళ్ళికాకముందు వాళ్ళ నాన్న కకుద్మి మహారాజు ఆవిణ్ణి వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్ళాడు, మంచి సంబంధం చెప్పమని అడగడానికి. అక్కడ గంధర్వులు పాడుతున్నారు. పాట మధ్యలో ఎలా అడుగుతావ్, అయ్యేదాకా కూర్చున్నాడు. ఎంతసేపూ, ఒక్క క్షణం. పాట అయ్యాక అడిగితే బ్రహ్మ నవ్వాడు. నువ్వనుకున్న సంబంధాలేవీ లేవు నాయనా, వాళ్ళ మనవలు కూడా లేరు, కింద ఇరవయ్యేడు చతుర్యుగాలు గడిచిపోయాయన్నాడు. భాగవతంలో ఉంది."

మా వాడు స్పీకరు గొంతు తగ్గించాడు. "పాట వింటుంటే టైం అయిపోయిందా?"

"మరి! పాటంటే అంతే."

"అయితే మామ్మా, వాళ్ళు కిందికి వచ్చాక ఏం చేశారు?"

"ఏం చేస్తారు? బ్రహ్మ చెప్పినట్టు బలరాముడికిచ్చి పెళ్ళిచేశాడు. తర్వాత పాట పెట్టు."

ఆరో పాట 'స్వీట్ లేడీ'. అంతా డ్రమ్ములూ గిటార్లూ. అమ్మ ఒక నిమిషం విని, చేట పట్టుకుని లేచింది. "ఇది మీ నాన్నకి వినిపించు" అని లోపలికి వెళ్ళిపోయింది.