వార్తల్లో పదం: గృహ విద్యుదీకరణ

అమెరికా, ఆస్ట్రేలియా వార్తల్లో తరచూ కనిపిస్తున్న మాట ఇది. వంటకు, స్నానాల నీళ్లకు, చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టడానికి పైపు గ్యాస్ మానేసి కరెంటుకు మారడమే గృహ విద్యుదీకరణ. పొయ్యి చోట ఇండక్షన్, హీటర్ చోట హీట్ పంప్ వస్తాయి. హీట్ పంప్ బయటి గాలిలోని వేడిని లోపలికి తోడిపోస్తుంది. అందుకే మామూలు కరెంటు హీటర్ కంటే తక్కువ యూనిట్లతో పని కానిస్తుంది. అయినా కరెంటు ధర బాగా ఎక్కువున్న చోట బిల్లు తగ్గకపోవచ్చు.

అసలు చిక్కు మొదటి ఖర్చు దగ్గర. పాత ఇళ్లలో వైరింగూ మార్చాల్సి రావచ్చు. అద్దెకున్నవారి చేతిలో ఆ నిర్ణయమే ఉండదు. డబ్బున్నవాళ్లు ముందుగా గ్యాస్ వదిలేస్తే, పైపులైన్ల నిర్వహణ భారం మిగిలినవారి బిల్లుల మీద పడుతుంది. మిగిలేది ఎక్కువగా పేదలే. అమెరికాలో 2022 నాటి ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం, ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతంలోపు సంపాదించే కుటుంబాలకు పూర్తి ఖర్చు ఇవ్వవచ్చంది. గరిష్ఠ పరిమితి 14,000 డాలర్లు: అందులో హీట్ పంప్‌కు 8,000, పొయ్యికి 840. అమలు రాష్ట్రాలది, కాబట్టి అన్నిచోట్లా ఒకేలా దొరకదు. అక్కడి తెలుగు వంటిళ్లకు ఇంకో సంగతి: మామూలు అల్యూమినియం గిన్నెలు, మట్టి మూకుళ్లు ఇండక్షన్ మీద వేడెక్కవు.