ఏ సంస్థకూ చెందని విద్యార్థులు

హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం చుట్టూ, అశోక్‌నగర్, నారాయణగూడ సందుల్లోని హాస్టళ్లలో ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్స్ పరీక్షల అభ్యర్థులు ఏళ్లకేళ్లు గడుపుతారు. రోజంతా చదివేవాళ్లే, అయినా చాలామంది పేరు ఏ కాలేజీ రిజిస్టరులోనూ ఉండదు. విశాఖలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న సంస్థలో కౌన్సెలర్ ఉండాలంది. కోచింగ్ సెంటర్లనూ కలిపింది. మంచి నియమం. కానీ ఇక్కడ కోచింగ్ కొన్ని నెలల్లో ముగుస్తుంది, నిరీక్షణ ముగియదు. ఒక అభ్యర్థి తిండి మానేశాడని మెస్‌వాళ్లకు తెలుస్తుంది, అద్దె బాకీ పడ్డాడని వార్డెన్‌కు, నాలుగు రోజులుగా రావడం లేదని రీడింగ్ రూమ్‌లో పక్క కుర్చీవాడికి. ఈ ముగ్గురికి తెలిసింది ఒకచోట చేరదు. కొరవడింది జాలి కాదు, ఆ చేర్చే మనిషి.

పరీక్షలు సక్రమంగా పెడితే కౌన్సెలింగ్ ఎందుకని అభ్యర్థులు అడుగుతారు. ఆ కోపం న్యాయమైనది. 2022 అక్టోబరులో జరిగిన తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెడితే హైకోర్టు రద్దుచేసింది. మూడోసారి 2024 జూన్‌లో రాశారు. గ్రూప్-2 వాయిదాల మీద వాయిదాలు పడి 2024 డిసెంబరుకు చేరింది. ఈ బాధ్యత నుంచి ప్రభుత్వాన్ని ఏ కౌన్సెలరూ తప్పించకూడదు. అయితే రద్దు వార్త, ఫలితాల రోజు ఈ వీధులన్నిటినీ ఒకేసారి తాకుతాయి. ఒత్తిడి ఎప్పుడు పెరుగుతుందో ముందే తెలిసిన చోట సిద్ధంగా లేకపోవడాన్ని ఎలా సమర్థించగలం?

ఇంటికి చెప్పేస్తారన్న భయం ఇంకా బలమైన అభ్యంతరం. ఫెయిలైన సంగతి ఊళ్లో దాచినవాళ్లు ఆ అనుమానం వస్తే నోరు విప్పరు. వీళ్లు పెద్దవాళ్లు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగా గుర్తించింది. కాబట్టి ప్రాణాపాయం ఉంటే తప్ప, అభ్యర్థి అనుమతి లేకుండా సమాచారం కదలకూడదు. వార్డెన్ చేయాల్సింది ఆరా తీయడం కాదు, ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పడం. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 ఉచితం, ఇరవైనాలుగు గంటలూ తెలుగులో పలుకుతుంది. కానీ ఫోన్‌లోని గొంతు అద్దెకు గడువు అడగలేదు, గాంధీ ఆసుపత్రి ఓపీకి తోడు రాలేదు. ఆ పని చేసే ఉద్యోగిని గ్రంథాలయంలోనే, సాయంత్రాలు కూడా, కూర్చోబెట్టాలి. ఆస్తిపన్నుతో వసూలయ్యే గ్రంథాలయ సెస్సు ఈ హాస్టల్ భవనాల మీదా పడుతుంది. అందులోంచి ఒక జీతం ఇవ్వమని అడగడం అత్యాశ కాదు.