బోన్సాయ్ పనిముట్లు

బోన్సాయ్ పనిముట్లు అనగా లోతు తక్కువ గల కుండీలో చెట్టును చిన్న పరిమాణములో, ముదిరిన చెట్టు రూపముతో పెంచుటకు వాడే పరికరాలు. కొమ్మల కత్తిరింపు, తీగ చుట్టుట, మట్టి మార్పు, నీరు పోయుట అనే నాలుగు పనులకు ఇవి అవసరము. జపానులో ఒక్కొక్క పనికి ఒక్కొక్క ప్రత్యేక పరికరము ఉన్నప్పటికీ, ప్రారంభదశలో ఏడెనిమిది పనిముట్లు సరిపోతాయి. ఏవి ముందు సమకూర్చుకోవాలన్నది పెంచే చెట్టు జాతిని, ఆ ప్రాంతపు వాతావరణమును బట్టి ఉంటుంది. తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాకు చెందిన రామగుండం, గోదావరిఖని వంటి బొగ్గుగనుల ప్రాంతాలలో ఎండ, ధూళి అధికము కనుక అక్కడ నీటి పనిముట్లకే మొదటి స్థానము.

పేరు, నేపథ్యము

జపాను భాషలో 'బోన్' అనగా పళ్ళెము వంటి పాత్ర, 'సాయ్' అనగా నాటుట. ఈ కళకు మూలము చైనాలోని పెన్‌జింగ్. తెలుగులో వీటిని వామన వృక్షాలు, మరుగుజ్జు చెట్లు అని కూడా అంటారు. మైసూరులోని అవధూత దత్తపీఠములో గణపతి సచ్చిదానంద స్వామి నెలకొల్పిన కిష్కింధ మూలికా బోన్సాయ్ వనము దక్షిణ భారతదేశములోని పెద్ద సేకరణలలో ఒకటి.

తెలుగు ప్రాంతాల వాతావరణానికి మర్రి, రావి, జువ్వి, చింత, కాగితపు పూలు, ఎడారి గులాబి అనుకూలమైనవి. చలి ప్రాంతాలకు చెందిన పైన్, మేపుల్ వంటివి ఇక్కడి ఎండకు తట్టుకొనుట కష్టము.

కోత పనిముట్లు

కత్తిరించిన ప్రతి చోటా చెట్టుకు గాయము ఏర్పడుతుంది. కోత నున్నగా ఉంటే చుట్టూ ఉన్న బెరడు పెరిగి గాయము పూడుతుంది. మొద్దుబారిన కత్తెర కొమ్మను నలిపివేస్తుంది. నలిగిన భాగము ఎండి, కుళ్ళు లోపలికి ప్రవేశించవచ్చును.

* సన్నని కత్తెర: లేత చిగుళ్ళు, ఆకులు తుంచుటకు. పొడవైన పిడి, సన్నని మొన ఉన్నది మేలు. దీనితో లావు కొమ్మలను, తీగను కత్తిరించరాదు.
* తోటపని కత్తెర: పెన్సిలు మందము వరకు గల కొమ్మలకు. రెండు అలుగులు ఒకదాని ప్రక్కగా మరొకటి జారే రకము మంచిది. ఒక అలుగు మరొక దిమ్మపై నొక్కే రకము పచ్చి కొమ్మను నలుపుతుంది.
* పుటాకార కత్తెర: దీనినే కాన్‌కేవ్ కట్టర్ అంటారు. కొమ్మను కాండము వద్ద కత్తిరించినపుడు చిన్న గుంట ఏర్పడేలా దీని అలుగులు వంగి ఉంటాయి. గాయము మానునపుడు బెరడు ఆ గుంటను నింపుతుంది, బొడిపె మిగలదు. బోన్సాయ్ కొరకు ప్రత్యేకముగా కొనదగిన మొదటి పరికరము ఇదే.
* చిన్న రంపము: కత్తెరకు లొంగని కొమ్మలకు. కోసిన తరువాత గాయపు అంచును పదునైన చాకుతో నున్నగా చేయాలి.

తీగ, తీగ కత్తెర

కొమ్మను కోరిన దిశలో వంచుటకు తీగ చుడతారు. అల్యూమినియము తీగ మెత్తగా ఉండుటచే నేర్చుకునేవారికి అనువైనది. రాగి తీగను కాల్చి మెత్తబరచి వాడాలి. వంచిన తరువాత అది గట్టిపడి కొమ్మను నిలబెడుతుంది. తీగ మందము కొమ్మ మందములో సుమారు మూడవ వంతు ఉండాలి, సుమారు 45 డిగ్రీల వాలులో చుట్టాలి.

వానాకాలములో మర్రి, రావి జాతులు త్వరగా లావెక్కుతాయి. తీగ బెరడులోనికి దిగితే మచ్చ ఏళ్ళ తరబడి మిగులుతుంది. కనుక వారానికొకసారి పరిశీలించి, బిగుతు కనిపించగానే తీగను ముక్కలుగా కత్తిరించి తీయాలి. వెనుకకు విప్పబోతే కొమ్మ విరిగే ప్రమాదము ఉన్నది. మొన వరకు పదును గల తీగ కత్తెర ఇందుకు అవసరము.

మట్టి, వేరు పనిముట్లు

కుండీ మట్టిలో నీరు నిలువరాదు. ఇటుక ముక్కలు, ముతక ఇసుక, బాగా చివికిన ఎరువు కలిపి వాడుట వాడుకలో ఉన్నది. వీటిని జల్లెడ పట్టి, సుమారు 2 మిల్లీమీటర్ల కన్నా సన్నని పొడిని తీసివేయాలి. పొడి మిగిలితే మట్టి గట్టిపడి వేళ్ళకు గాలి అందదు.

వేళ్ళ చిక్కు విడదీయుటకు ఇనుప కొక్కెము, కొత్త మట్టిని వేళ్ళ మధ్యకు చొప్పించుటకు వెదురు పుల్ల, కుండీ అడుగు రంధ్రాలపై పరచుటకు ప్లాస్టిక్ వల కావాలి. వేళ్ళకు వేరే కత్తెర ఉంచుట మంచిది. మట్టి, ఇసుక తగిలితే అలుగు త్వరగా మొద్దుబారుతుంది. మర్రి, రావి వంటి వాటికి ఈ పనిని రోహిణి కార్తె ఎండలలో చేయరాదు. మృగశిర కార్తెలో వానలు పడిన తరువాత చేస్తే కొత్త వేళ్ళు సులభముగా వస్తాయి.

బొగ్గుగనుల ప్రాంతములో ప్రత్యేక అవసరాలు

రామగుండం, గోదావరిఖని ప్రాంతములో సింగరేణి సంస్థ గనులు, ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రము ఉన్నాయి. వేసవిలో ఇక్కడ ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటుట కద్దు. డాబాపై ఉంచిన లోతులేని కుండీలో మట్టి కొన్ని గంటలలోనే ఆరిపోతుంది, కుండీ అంచుల వద్ద వేళ్ళు ఉడికిపోతాయి. కత్తిరింపు ఒక నెల ఆలస్యమైనా చెట్టు బ్రతుకుతుంది. ఇటువంటి ఎండలో ఒక్క రోజు నీరు అందకపోయినా చనిపోవచ్చును. కావున ఈ క్రిందివి ముందుగా సమకూర్చుకోవాలి.

* సన్నని రంధ్రాల నీటి డబ్బా: గొట్టముతో నేరుగా పోస్తే మట్టి కొట్టుకుపోయి వేళ్ళు బయటపడతాయి. వేసవిలో ఉదయము, సాయంత్రము రెండు పూటలా పోయవలసి ఉంటుంది.
* చేతి పిచికారి: గనులకు, బొగ్గు లారీలు తిరిగే దారులకు దగ్గరగా ఉన్న ఇళ్ళలో ఆకులపై ధూళి పేరుకొని వెలుతురును అడ్డగిస్తుంది. ధూళి, పొడి వేడి ఉన్నచోట ఎర్రనల్లి కూడా పెరుగుతుంది. ఆకుల పైభాగమును, అడుగుభాగమును ఉదయము కడిగితే రెండు బాధలూ తగ్గుతాయి.
* నీడ వల: మధ్యాహ్నపు ఎండ నుండి రక్షణకు. ఎండు గడ్డి పరచిన చెక్కబల్లపై కుండీని ఉంచితే డాబా వేడి నేరుగా తగలదు.

శుభ్రత, సాన

మర్రి, రావి, జువ్వి చెట్లను కోసినపుడు పాలు కారతాయి. అవి అలుగుపై ఎండి బంకగా మారకముందే తడిగుడ్డతో తుడవాలి. ఒక చెట్టు నుండి మరొక చెట్టుకు వెళ్ళేముందు అలుగులను స్పిరిట్‌తో తుడిస్తే తెగుళ్ళు వ్యాపించవు. పని ముగిసిన తరువాత ఆరబెట్టి, కొద్దిగా నూనె రాయాలి. సానరాయిపై అలుగు యొక్క వాలు ఉన్న వైపు మాత్రమే నూరాలి.

ఎంపిక క్రమము

ఒకటి రెండు చెట్లు పెంచే విద్యార్థికి నీటి డబ్బా, చేతి పిచికారి, నీడ వల, సన్నని కత్తెర, తోటపని కత్తెర, జల్లెడ, వెదురు పుల్ల, సానరాయి చాలును. వీటిలో చాలా వరకు సాధారణ ఇనుప సామానుల దుకాణాలలో లభిస్తాయి. చెట్టు రెండు వేసవులు దాటి, కాండము లావెక్కి, పెద్ద కొమ్మలు తీయవలసి వచ్చినపుడు పుటాకార కత్తెర కొనవచ్చును. తీగ, తీగ కత్తెర రూపకల్పన మొదలుపెట్టినపుడే అవసరమవుతాయి.